ఇరవై ఎనిమిది పటాలు, ఒక బోర్డు

“అయ్యో! అది బ్రష్ తుడుచుకునే గుడ్డ కాదండీ, పటం!”

హెబ్రోను చెయ్యి గాలిలో ఆగిపోయింది. బ్రష్‌కూ పటానికీ మధ్య అంగుళం ఎడం ఉంది.

“ఇది పటమా?” అన్నాడు.

“పటమే. కింద పెట్టండి. నిదానంగా.”

“ఎవరి పటం?”

“ఒక ఆర్టిస్టు వేశారు.”

“ఎవరు వేసినారని కాదు. ఎవరిదీ అని. మనిషిదా, దేవుడిదా?”

“ఎవరిదీ కాదు.”

“ఎవరిదీ కాకపోతే పటం ఎట్టయింది?”

ఏసుమణి పటాన్ని అతని చేతుల్లోంచి తీసుకుని గోడకు ఆనించింది. అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు. తుప్పు రంగు మీద నల్లగీతలు. హెబ్రోను దానికేసి చూసి, బ్రష్‌ను తన చొక్కాకే తుడుచుకున్నాడు.

“మీరు లెటర్స్ రాసే పెయింటరు కదూ?” అంది ఆమె.

“అవును. యార్డులో వ్యాగన్లకు నంబర్లేస్తా, స్టేషన్లో బోర్డులు రాస్తా. నేను రాసింది ముప్పై మైళ్ల స్పీడుతో పోయే బండిలోంచి చదవొచ్చు. దీన్ని నిలబడి కూడా చదవలేం.”

“ఇది చదవడానికి కాదు, చూడడానికి.”

“చూసినా గదా.”

“ఎంతసేపు చూశారు?”

“నంబరు చదివేంతసేపు.”

“అందుకే,” అంది ఏసుమణి.

అది 1961 నవంబరు, శనివారం మధ్యాహ్నం. చోటు బిట్రగుంటలో రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు. మద్రాసులోని ఒక మ్యూజియం వాళ్లు ఇరవై ఎనిమిది ఆధునిక చిత్రాలను చెక్కపెట్టెల్లో సర్ది, వ్యాగన్‌కెక్కించి, కోస్తా ఊళ్లు తిప్పడానికి పంపించారు. బిట్రగుంట మొదటి మజిలీ. పటాల వెంట గైడుగా ఏసుమణి వచ్చింది. ఆమెది నెల్లూరు, వయసు ఇరవై మూడు. మద్రాసులో బొమ్మలు వెయ్యడం చదువుకుంది. ఉద్యోగం టెంపరరీ.

అది పర్మినెంటు కావాలంటే ఒక షరతు ఉంది. షరతు పెట్టినవాడు మ్యూజియం ఆఫీసరు రంగనాయకులుగారు. జనం పటాలు చూసి పోతే చాలదు, చూసిన మనిషి ఆ పటం గురించి తన సొంత మాట ఒకటి చెప్పాలి, ఆ మాట కార్డు మీదికెక్కాలి అన్నాడు ఆయన. రెండో ఆదివారానికి అలాంటి కార్డులు మూడువందలు ఉండాలి. లేకపోతే వ్యాగన్ మద్రాసుకు తిరిగిపోతుంది, ఏసుమణి నెల్లూరులో పెద్దమ్మ ఇంటికి పోతుంది. పెద్దమ్మ అప్పటికే అక్కడొక స్కూల్లో కుట్టు టీచరు పని మాట్లాడి పెట్టింది. ఏసుమణికి సూదిలో దారం ఎక్కించడం రాదు.

మొదటి ఐదు రోజుల్లో పదకొండు కార్డులు వచ్చాయి. వాటిలో తొమ్మిదింటిమీద ‘బాగున్నది’ అని ఉంది. పదోదానిమీద ‘ఫ్యాను గాలి బాగున్నది’ అని ఉంది. పదకొండో ఆయన, ఈ హాల్లో మళ్లీ టేబుల్ టెన్నిస్ ఎప్పుడు మొదలవుతుందని అడిగాడు.

అందుకని ఆమె ఒక బోర్డు రాయించాలనుకుంది.

“ఏం రాయమంటారు?” అన్నాడు హెబ్రోను.

ఆమె ఆఫీసరు పంపిన కాగితం తీసింది. అది ఇంగ్లీషులో ఉంది. “వచ్చినవాళ్లకి ప్రతి పటంతోనూ పర్సనల్ కనెక్షన్ ఏర్పడాలి. అదీ సంగతి. దీన్నే తెలుగులో రాయండి.”

“కనెక్షన్ అంటే నాకు తెలుసు. గూడూరులో దిగితే రేణిగుంటకు కనెక్షన్ బండి ఉంటది.”

“ఆ కనెక్షన్ కాదండీ.”

“మరి?”

“మీరే ఒక మంచి మాట వెయ్యండి. నాలుగేళ్లు మద్రాసులో ఉన్నాను, తెలుగు మాటలు చప్పున తట్టట్లేదు. పెద్దక్షరాలు వెయ్యండి. రైల్లోంచి కనిపించాలి.”

ఆ చివరి మాట హెబ్రోనుకు నచ్చింది. సాయంత్రం పాస్టరుగారింటికి పోయి ఇంగ్లీషు నిఘంటువు తీయించాడు. అందులో ఆ మాటకు ఎదురుగా మూడు అర్థాలున్నాయి. హెబ్రోను మొదటిది తీసుకున్నాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక కూర్చుని, చీకటి పడకముందే బోర్డు ముగించాడు. సోమవారం ఉదయం దాన్ని ప్లాట్‌ఫారం చివర, వచ్చే బండికి ఎదురుగా నిలబెట్టాడు. అక్షరాలు అడుగెత్తు.

మద్రాసు నుండి వచ్చిన
28 పటాలు చూపబడును
స్వయంగా వచ్చి సంబంధం కుదుర్చుకొనండి
రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు. ప్రవేశం ఉచితం

అడుగున మిగిలిన రెండంగుళాల చోటులో ‘ఆధునిక చిత్రకళా ప్రదర్శన’ అని కూడా రాశాడు. అది రైల్లోంచి కనిపించదు. దగ్గరికొస్తే కనిపిస్తుంది.

మంగళవారం పదింటి ప్యాసింజరుకు అల్లూరు పిచ్చమ్మ దిగింది. యాభై ఏళ్ల మనిషి, నాలుగెకరాల మాగాణికి మారాణి. చేతిలో గుడ్డసంచీ, సంచీలో కొడుకు జాతకం. నేరుగా హాలుకు వచ్చి, చెప్పులు బయట వదిలి, చీరచెంగు భుజం నిండా కప్పుకుని లోపలికి అడుగుపెట్టింది.

“పటాలు చూపేది నువ్వేనా అమ్మా?”

“నేనేనండీ, రండి!” అంది ఏసుమణి. వారం రోజుల్లో ఒక మనిషి తనంతట తాను లోపలికి రావడం అదే మొదటిసారి.

హెబ్రోను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. బోర్డు పనిచేసిందో లేదో చూసిపోదామని వచ్చానని ఆమెతో చెప్పాడు. అందులో సగం నిజం.

పిచ్చమ్మ మొదటి పటం ముందు ఆగింది. ఒక ఆడమనిషి ముఖం. సగం పసుపు, సగం ఆకుపచ్చ. ఒక కన్ను చెంపమీదికి జారి ఉంది. పిచ్చమ్మ దగ్గరికి పోయి చూసింది, వెనక్కి వచ్చి చూసింది, పక్కకు వంగి చూసింది.

“మీకేం అనిపిస్తోంది?” అంది ఏసుమణి.

“దాచకుండా చెప్పమంటావా?”

“దాచకుండా చెప్పండి. అదే కావాలి.”

“కోపిష్టి పిల్ల. మూతి చూడు, ఎట్టా బిగించిందో. మా ఇంట్లో ఇమడదు.”

ఏసుమణి కార్డు తీసింది. “ఎందుకు ఇమడదు?”

“మా అత్త ఇట్టాగే ఉండేది. ఒక కన్ను పొయ్యిమీద, ఒక కన్ను నామీద. ఇరవయ్యేళ్లు ఆ కన్ను కింద అన్నం తిన్నా. మళ్లీ అట్టాంటి మనిషిని ఏరికోరి తెచ్చుకుంటానా?”

ఏసుమణి రాసుకుంటూ పోయింది. కార్డు నిండి వెనకవైపు తిప్పింది. కిటికీ దగ్గరున్న హెబ్రోనును ఒక చూపు చూసింది. అందులో కృతజ్ఞత ఉందని అతను అనుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు.

రెండో పటం నీలం రంగు. అందులో గుండ్రంగా ఒక తెల్లమచ్చ తప్ప ఏమీ లేదు. “ఈ పిల్ల నెమ్మదస్తురాలే గానీ ముఖం సరిగా పళ్లే,” అంది పిచ్చమ్మ. మూడోది చూసి “ఇది ఒద్దు” అంది. నాలుగోది చూసి ఆగింది. “ఇది పరవాలేదు. వీళ్లది ఏ ఊరు? మాగాణా, మెట్టా?”

ఏసుమణి పెన్సిలు ఆగిపోయింది. “ఎవరిదండీ?”

“ఈ పిల్ల వాళ్లది. పటం తీసేటప్పుడు రవ్వంత పౌడరన్నా పూసుండకూడదా? సర్లే, ఇదిగో మా వాడి జాతకం. నువ్వే మాట్లాడతావా, వాళ్ల పెద్దోళ్లు వస్తారా?”

ఏసుమణి జాతకం వైపు చూసింది. పిచ్చమ్మ వైపు చూసింది. తరవాత కిటికీ వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

హెబ్రోనును ఆమె ప్లాట్‌ఫారం చివర, బోర్డు దగ్గర పట్టుకుంది. వాన మొదలైంది. గొడుగు ఒక్కటే, అది ఆమెది. అతను తడుస్తున్నాడు.

“చదవండి,” అంది.

చదివాడు. తన అక్షరాలు చదువుతున్నప్పుడు అతని గొంతులో కొంచెం గర్వం ఉంటుంది. మూడో వరుసకు వచ్చేసరికి అది తగ్గింది.

“సంబంధం అంటే ఏంటి?”

“కనెక్షన్. నిఘంటువులో ఉండాది.”

“మన నెల్లూరు జిల్లాలో?”

హెబ్రోను ముక్కుమీంచి నీటిబొట్టు జారింది. “పెళ్లి సంబంధం,” అన్నాడు.

“పటం అంటే?”

“ఫోటో కూడా పటమే.”

“మద్రాసు నుంచి ఇరవై ఎనిమిదిమంది పెళ్లికూతుళ్లని తెచ్చి కూర్చోబెట్టానని జిల్లా అంతా అనుకుంటోంది! ఇది రంగనాయకులుగారు చూస్తే మూడువందల కార్డులు కాదు, మూడు వేలున్నా నాకు ఉద్యోగం ఉండదు.”

“ఇప్పుడే చెరిపేస్తా.”

“చెరపండి.”

“వానలో రంగు అంటుకోదు. రెండు రోజులు ఎండాల.”

“అయితే పీకేయండి.”

“సిమెంటు పోసినా.”

ఏసుమణి గొడుగు జరిపి అతని నెత్తిమీద కూడా పట్టింది. కోపం తగ్గి కాదు. అతను తడిసి జ్వరం తెచ్చుకుంటే బోర్డు మార్చేవాడు ఉండడని. ఆమె అలాగే చెప్పింది కూడా.

ఆ రోజు నుంచి హెబ్రోను డ్యూటీ మధ్య వీలు దొరికినప్పుడల్లా ప్లాట్‌ఫారం మీద నిలబడి, దిగినవాళ్లకు నచ్చజెప్పడం మొదలుపెట్టాడు.

“సంబంధాలు లేవయ్యా, వట్టి పటాలే!”

“సంబంధాలు లేకుండా పటాలెందుకు తెప్పించినారు?” అనేవాళ్లు వాళ్లు. ఇంతదూరం వచ్చాం గదా అని హాలుకే నడిచేవాళ్లు.

బుధవారం కామాక్షయ్య వచ్చాడు. ముప్పై ఏళ్లుగా కావలికీ నెల్లూరుకూ మధ్య పెళ్లిళ్లు కుదిర్చే మనిషి. తెల్లపంచె, నల్లగొడుగు, చంకలో జాతకాల కట్ట. గుమ్మంలోనే నిలబడి గొడుగుతో నేలమీద కొట్టాడు.

“ఎవరమ్మా ఇక్కడ గవర్నమెంటు తరఫున సంబంధాలు చూసేది? నాలాంటోళ్లు ఏం తిని బతకాల? మీరు జీతం తీసుకుని ఉచితంగా చూస్తుంటే నన్నెవరు పిలుస్తారు?”

ఏసుమణి అప్పటికి ఆ రోజు పదిహేడోసారి సంగతి వివరించింది. కామాక్షయ్య చివరిదాకా విన్నాడు. “అయితే ఇవి ఉత్త బొమ్మలా?” అన్నాడు.

“బొమ్మలే. కానీ ఎవరూ వీటి ముందు నిలబడట్లేదు. నచ్చిందా అని అడుగుతాను, లేదని చెప్పి పోతున్నారు.”

“నచ్చిందా అని అడుగుతుండావా?” కామాక్షయ్య జాతకాల కట్ట బెంచీమీద పెట్టాడు. “అమ్మా, నేను మూడువందల పెళ్లిళ్లు చేయించినా. ఒక్కరినంటే ఒక్కరిని ఆ మాట అడగలా. నచ్చిందా అంటే మనిషి న్యాయాధిపతి అయిపోతాడు. కాలుమీద కాలేసుకుని లేదంటాడు. అట్టా అడగరాదు.”

“ఎలా అడగాలి?”

“చూడు.”

వాన చాటుకు నిలబడ్డ ఒక రైతును పిలిచాడు. పేరు వెంకయ్య. మధ్యలో ఉన్న పెద్ద పటం ముందు కూర్చోబెట్టాడు. అందులో ఎరుపు, పసుపు చతురస్రాలు తప్ప ఏమీ లేవు.

“వెంకయ్యా, ముందు దీంట్లో లోపాలు చెప్పు. మొహమాటపడొద్దు.”

“లోపాలా? ఏముండాదయ్యా దీంట్లో? గళ్లు. అడ్డదిడ్డంగా. ఈ మూల గడి వంకర పోయింది. ఆ పసుపు గడికి గట్టు లేదు.”

“గట్టా?”

“మడికి గట్టు లేకపోతే నీళ్లెట్టా నిలుస్తాయి?”

“సరే. ఇప్పుడు ఇది మీ ఇంట్లో పెట్టినామనుకో. ఏ గోడకు పెడతావు?”

వెంకయ్య చాలాసేపు ఆలోచించాడు. “మా తమ్ముడి వాటా వైపు గోడకు. వాడికి పంచి ఇచ్చినప్పుడు మా మళ్లు ఇట్టాగే ముక్కలైనాయి. రోజూ చూసి సిగ్గుపడతాడు.” మళ్లీ ఆలోచించాడు. “నేను కూడా పడతాననుకో.”

కామాక్షయ్య ఏసుమణి వైపు తిరిగాడు. “రాసుకోమ్మా.”

ఆమె అప్పటికే రాసుకుంటోంది.

కామాక్షయ్య ఇక కదల్లేదు. పెళ్లీడు పిల్లలున్న తల్లిదండ్రులు ఒక్కచోటికి, అదీ తమ ఖర్చుతో రావడం అతని ముప్పై ఏళ్ల వృత్తిలో ఎన్నడూ జరగలేదు. పొద్దున పటాలు చూపించేవాడు, మధ్యలో వరండాలో రెండు జాతకాలు కలిపేవాడు. పిచ్చమ్మ రోజూ వచ్చింది. చెంపమీద కన్నున్న పటం ముందు బెంచీ వేసుకుని కూర్చుని, కొత్తగా వచ్చినవాళ్లకు తన అత్త సంగతి చెప్పేది. గురువారం దాకా తిట్టింది. శుక్రవారం మాత్రం, “పాపం, ఆమెక్కూడా అత్త ఉండేది గదా,” అంది. ఏసుమణి దానికి ఇంకో కార్డు రాసింది.

శుక్రవారం సాయంత్రానికి కార్డులు రెండువందల పద్నాలుగు.

ఆ రోజు నాలుగింటికి హాల్లో ఇద్దరే మిగిలారు. బయట వాన కురుస్తూనే ఉంది. హెబ్రోను కిటికీ రెక్కలు మూస్తున్నాడు.

“అందరూ చెప్పారు. మీరొక్కరే ఏమీ చెప్పలేదు,” అంది ఏసుమణి.

“నాకేం కనిపించట్లేదు.”

“ఏ పటంలోనూ?”

హెబ్రోను నడుచుకుంటూ పోయి తుప్పురంగు పటం ముందు ఆగాడు. మొదటిరోజు బ్రష్ తుడవబోయింది దానికే. నంబరు చదివేంతసేపు చూశాడు. పోలేదు. ఇంకా చూశాడు.

“దీని కింద ఇంకొకటి ఉండాది,” అన్నాడు చివరికి.

“కిందా?”

“వ్యాగన్ రిపేరుకొస్తే పాత నంబరు గీకి కొత్తది వేస్తాం. ఎంత గీకినా పూర్తిగా పోదు. ఎండ ఏటవాలుగా పడితే పాతది పైకొస్తుంది. దీంట్లోనూ అట్టాగే, ఆయన ముందు ఏందో వేసి, గీకి, మళ్లీ వేసినాడు.” ఆగాడు. “మా నాయన కూడా ఈ యార్డులోనే నంబర్లేసేవాడు. ఏడంకెకు మధ్యలో చిన్న గీత పెట్టేవాడు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఒకసారి యాడనో తిరిగి తిరిగి ఒక వ్యాగన్ నా దగ్గరికొచ్చింది. గీకితే కింద ఏడు కనబడింది. మధ్యలో గీత.”

“ఏం చేశారు?”

“పైన కొత్త నంబరు వేసినా. రూలు గదా.” కొంచెం నవ్వాడు. “ఆ ఏడు మీద మాత్రం రంగు పల్చగా వేసినా. సూపర్‌వైజరు తిట్టినాడు.”

హెబ్రోను ఆమె చేతివైపు చూశాడు. పెన్సిలు ఉంది, కార్డు ఉంది.

“రాసుకోలేదే?”

“ఇది కార్డు కోసం కాదు,” అంది ఏసుమణి. కార్డును ఖాళీగానే సంచీలో పెట్టేసుకుంది.

హెబ్రోను ఇంటికి గొడుగు లేకుండా నడిచి, తడిశానని గుమ్మం దాకా గమనించలేదు.

అతని తల్లి సామ్రాజ్యం రైల్వే ఆసుపత్రిలో ఆయా. కొడుకు తల తుడుస్తూ సంగతంతా రాబట్టింది. శనివారం సాయంత్రం లెక్క అడిగింది.

“రెండువందల యాభై ఒకటి. రేపు సాయంత్రానికి మూడువందలు కావాల,” అన్నాడు హెబ్రోను.

“కాకపోతే?”

“నెల్లూరు పోయి కుట్టు టీచరవుతుంది.”

“మూడువందలూ అయితే?”

“ఊరూరా వ్యాగన్ వెంట తిరుగుతుంది. కావలంట, ఆ పై ఊరంట, ఇంకా పైకంట.”

సామ్రాజ్యం తువ్వాలు దులిపింది. “ఒరే, నాకొక మాట తోస్తుండాది. నెల్లూరు ఇక్కణ్ణించి గంట ప్రయాణం. ఉద్యోగం రాకపోతే ఆ పిల్ల మనకు దగ్గరగా ఉంటది గదా. నువ్వు రేపు ఊరికే ఇంట్లో కూర్చో. నీ చేతికేం పాపం అంటదు.”

హెబ్రోను ఆ మాటే రాత్రంతా నెమరేసుకున్నాడు. ఉదయం లేచేసరికి వాన ఇంకా పెద్దదైంది.

కావలి దగ్గర లైను మీద నీళ్లు పారాయి. బండ్లు నిలిచిపోయాయి. అల్లూరు నుంచి ఒక్కరూ రాలేదు. ప్రార్థన అయ్యాక హెబ్రోను హాలుకు పోతే, ఏసుమణి, కామాక్షయ్య బెంచీకి ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చుని ఉన్నారు.

“ఎవరూ రారు,” అంది ఆమె. “సాయంత్రానికి రంగనాయకులుగారు వస్తారు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఏ కన్ను మూయాలో మీ అమ్మగారికి తెలుసా?”

హెబ్రోను ఇంట్లో కూర్చోమన్న మాట గుర్తు చేసుకున్నాడు. ఆమె ముఖం చూశాడు. ఆమె గొడుగే తీసుకుని బయటికి పరిగెత్తాడు.

బండ్లు నిలిచిపోతే బండ్లు నడిపేవాళ్లు యాడ ఉంటారు? డ్రైవర్లు, ఫైర్‌మన్లు, గార్డులు అందరూ డ్యూటీ దిగినవాళ్లు పడుకునే రన్నింగ్ రూములో పేకముక్కలు పంచుకుంటున్నారు. హెబ్రోను గుమ్మంలో నిలబడి, “అన్నా, ఇన్‌స్టిట్యూట్లో టీ ఇస్తున్నారు,” అన్నాడు. అది అబద్ధం. వెంటనే ఇంటికి పోయి, “అమ్మా, నలభైమందికి టీ పెట్టు,” అన్నాడు.

సామ్రాజ్యం కొడుకును పైనుంచి కిందికి చూసింది. “నీకు బుద్ధి లేదురా,” అని, పెద్ద గిన్నె దించింది.

మధ్యాహ్నానికి మద్రాసు వైపు నుంచి వచ్చిన ప్యాసింజరు కూడా బిట్రగుంటలోనే ఆగిపోయింది. అందులోవాళ్లకు కనిపించింది ఒకటే, అడుగెత్తు అక్షరాల బోర్డు. ముందు వాన, వెనక బండి, ఎదురుగా ఉచిత ప్రవేశం. హాలు నిండిపోయింది.

పిస్టన్ రాడ్డు విరిగిన రోజు గుర్తొస్తోందని ఒక డ్రైవరు నల్లపటం ముందు చెప్పాడు. నీలం పటంలో తెల్లమచ్చ చూసి ఇంకొకడు, పొగమంచులో సిగ్నల్ దీపం ఇంతే కనిపిస్తుంది, చూసి చూసి కళ్లు పోతాయి అన్నాడు. వాళ్లు చెప్పేది ఏసుమణి ఒక మూల, హెబ్రోను ఒక మూల, కామాక్షయ్య ఒక మూల కూర్చుని రాస్తున్నారు.

కామాక్షయ్య మూలకు ఒక పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడు. కళ్లజోడు, తడిసిన కోటు. చేతులు వెనక్కి కట్టుకుని ఎవరితోనూ మాట్లాడకుండా చూస్తున్నాడు. ఆ నిలబడ్డ తీరును బట్టి కామాక్షయ్య అతన్ని ఆడపెళ్లివాడని నిశ్చయించాడు.

“కూర్చోండి. మద్రాసా? ముందు దీంట్లో లోపాలు చెప్పండి.”

“లోపాలా?” అన్నాడు పెద్దమనిషి. “ఇది మంచి చిత్రమయ్యా. నేనే…”

“మంచిదని అందరూ అంటారు. మీ ఇంట్లో ఏ గోడకు పెడతారు?”

“మా ఇంట్లో గోడల నిండా మా ఆవిడ దేవుడి పటాలు.”

“ఒక్క గోడ ఖాళీగా ఉంటే?”

పెద్దమనిషి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఆఫీసులో నా కుర్చీకి ఎదురుగా పెట్టుకుంటాను. ఇప్పుడు మంచివన్నీ నా వెనక ఉన్నాయి. వచ్చినవాళ్లు చూస్తారు. తొమ్మిదేళ్లుగా నేను మాత్రం వాళ్ల ముఖాలే చూస్తున్నాను.”

కామాక్షయ్య రాసుకున్నాడు. ‘ఆడపెళ్లివారు, మద్రాసు.’

ఐదింటికి జనం పలచబడ్డారు. పెద్దమనిషి టేబులు దగ్గరికి వచ్చాడు. ఏసుమణి లేచి నిలబడింది. ముఖంలో రంగు పోయింది.

“నమస్కారం సార్,” అంది. “మీరెప్పుడొచ్చారు?”

“మధ్యాహ్నం. ఆ బోర్డు ఎవరు రాశారు?”

“నేను,” అన్నాడు హెబ్రోను.

“అక్షరాలు బాగున్నాయి,” అన్నాడు రంగనాయకులుగారు. “మాటల సంగతి తరవాత. కార్డులు లెక్కపెట్టండి.”

ఏసుమణి తన మూలవీ హెబ్రోను మూలవీ లెక్కపెట్టింది. తరవాత కామాక్షయ్యవి. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

“రెండువందల తొంభై తొమ్మిది.”

“రూలు మూడువందలు.”

“నాది ఒకటి ఉండాది,” అన్నాడు హెబ్రోను. “తుప్పురంగు పటం గురించి. శుక్రవారం చెప్పినా. ఆమె దగ్గర…”

“లేదు,” అంది ఏసుమణి.

“ఉండాది గదండీ! ఏడంకె సంగతి…”

“అది ఇవ్వను.”

“ఉద్యోగం పోతుంది!”

“పోనివ్వండి. అది మ్యూజియానికి చెప్పింది కాదు. నాకు చెప్పింది.”

ఈ మాట హాల్లో అందరికీ వినిపించింది. డ్రైవర్లు టీ గ్లాసులు దించారు. ఏసుమణి చెవులు ఎర్రబడ్డాయి.

కామాక్షయ్య గొంతు సవరించుకున్నాడు. “నా పంచె మడతలో ఒకటి ఆగిపోయింది. జాతకం వివరాలు కూడా అడుగుదామని పక్కన పెట్టినా. చదవమంటారా?” చదివాడు. “ఆఫీసులో నా కుర్చీకి ఎదురుగా పెట్టుకుంటాను. ఇప్పుడు మంచివన్నీ నా వెనక ఉన్నాయి…”

రంగనాయకులుగారు చెయ్యెత్తాడు. “చాలు, చాలు.”

“మూడువందలు,” అన్నాడు కామాక్షయ్య. “మీ అమ్మాయి వయసెంతండీ?”

“నాకు అమ్మాయిలు లేరయ్యా!”

ఉద్యోగం పర్మినెంటయింది. కావలి లైను బాగుపడే లోపల వ్యాగన్‌ను కింది వైపు, గూడూరుకు పంపాలని నిర్ణయమైంది. సోమవారం పదకొండు గంటల గూడ్సుకు తగిలిస్తారు.

ఆ ఆదివారం హెబ్రోను ఇంటికొచ్చి, “ఉద్యోగం వచ్చింది,” అని తల్లికి చెప్పి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సోమవారం ఎనిమిదింటికి కామాక్షయ్య సామ్రాజ్యం క్వార్టరుకు వచ్చాడు. గొడుగు మూలన ఆనించి, వరండాలో కూర్చున్నాడు.

“సామ్రాజ్యమ్మా, ఒక పిల్ల ఉండాది.”

“మా సంబంధాలు మా పాస్టరుగారు చూస్తారయ్యా.”

“ఆయనతో మాట్లాడే వస్తుండా. పిల్లది కూడా మీ సంఘమే. ముందు లోపాలు చెప్తా. కాలు నిలవని ఉద్యోగం. కుట్టుపని రాదు. అన్నం ఎట్టా వండుతుందో నాకు తెలవదు, ఆ పిల్లకు కూడా తెలిసినట్టు లేదు. కోపం వస్తే వానలో కూడా నిలబెట్టి చదివిస్తుంది.”

సామ్రాజ్యం చేట పక్కన పెట్టింది. “ఎవరు పంపినారు నిన్ను? నెల్లూరు పెద్దమ్మా?”

“పెద్దమ్మకు ఇంకా తెలవదు. పిల్లే పంపింది.”

లోపల ఏదో గిన్నె కిందపడింది.

“పిల్లే పంపిందా!” సామ్రాజ్యం పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు పైటలోంచి బయటికొచ్చింది. “మా వాడి లోపాలు చెప్పినావా?”

“చెప్పబోతే, నీకంటే నాకే ఎక్కువ తెలుసునంది.”

“అయితే ఆ నెల్లూరు పెద్దమ్మకు నేనే జాబు రాయిస్తా. ఒరే హెబ్రోనూ! గిన్నెలు తరవాత సర్దుదువుగానీ, పదకొండుకు బండిరా!”

హెబ్రోను యార్డు దాకా పరిగెత్తాడు. వాన వెలిసింది. వ్యాగన్ తలుపు దగ్గర ఏసుమణి పెట్టెలు సరిచూసుకుంటోంది. ఊపిరి తీసుకోవడానికి అతనికి కొంచెంసేపు పట్టింది. ఆమె ఆగింది.

“మీరు పోతుంటే బాగలేదు,” అన్నాడు.

“ఎంతసేపట్నుంచి?”

“నిన్న సాయంత్రం ఐదింటినుంచి. లేదు, శుక్రవారం నుంచి. సరిగా చెప్పాలంటే గొడుగు పట్టినప్పట్నుంచి.”

“నాకూ బాగలేదు,” అంది ఏసుమణి. “మీ అమ్మగారు ఏమన్నారు?”

“మీ పెద్దమ్మకు జాబు రాయిస్తుంది.”

ఆమె తల వంచుకుని సంచీ తాడు రెండుసార్లు ముడివేసింది. “గూడూరులో పన్నెండు రోజులుంటాం.”

“గూడూరుకు ఇక్కణ్ణించి ప్యాసింజరు…”

“ఆదివారం ఉదయం ఆరు నలభైకి. తొమ్మిదింబావుకు అక్కడుంటుంది.”

“మీకెట్టా తెలుసు?”

ఏసుమణి సంచీలోంచి రైల్వే టైంటేబిల్ తీసి ఇచ్చింది. కొత్తది. ఒక పేజీ మూల మడిచి ఉంది. అక్కడ గూడూరు బండి కింద ఎర్రపెన్సిల్‌తో గీత ఉంది. ఆ కిందనే, నెల్లూరు బండి కింద, ఇంకో గీత.

“ఇదెందుకు?”

“అది శనివారం గీశాను. కార్డులు మూడువందలు అవుతాయో లేదో అప్పటికి తెలీదు కదా.”

హెబ్రోను రెండు గీతలనూ చూశాడు. చాలాసేపు చూశాడు. గార్డు ఈల వేశాడు.

“ఏ ఊరైనా చర్చి తొమ్మిదిన్నరకే,” అంది ఏసుమణి. “ఆలస్యం చెయ్యకండి.”